గోధుమరంగు సిరా

ముప్పై రెండేళ్లు ఉప్పల్ ఆఫీసులో
మ్యాపులకు కొండలు గీశాను.
కొండకు గోధుమరంగు సిరా, నీళ్లకు నీలం.
గీతలు ఎడంగా ఉంటే నడవొచ్చు,
దగ్గరైతే ఆయాసం,
ఒకదానికొకటి తగిలాయంటే అక్కడ కాలు జారుతుంది.
నా వాటాకు మంచు షీటు ఒక్కటీ రాలేదు.

హబ్సిగూడలో మా మేడమీది గదికి
జూన్‌లో అద్దెకు దిగింది పులానె.
ఆ సాయంత్రమే తొలకరి. తన పేరుకు అర్థం కూడా వానేనట.
ఏ దేశమమ్మా అంటే
లెసోతో అంది. నాకు తెలియలేదని తెలిసి
ప్లేటులో దోశ మధ్యన వేలితో బొక్క పొడిచి
ఇదీ మేము, అంది.
చుట్టూ మిగిలిందంతా ఇంకొకరిది.
అయ్యో, సముద్రం లేదా అన్నాను.
మీకుందా అంది.
హుస్సేన్ సాగర్ అనబోయి
చట్నీ వేశాను.

దసరా సెలవుల్లో మౌలాలి గుట్ట ఎక్కించాను.
నేను మూడు చోట్ల కూర్చున్నాను.
తను ఒక్కచోట, అదీ నాకోసం.
పైనుంచి చూస్తే
ఎవరో ఆడుతూ ఆడుతూ వదిలేసి పోయినట్టు
ఒకదాని మీదొకటి మన బండలు,
వాటిని కొరుకుతూ పసుప్పచ్చ జేసీబీలు,
రైలు పట్టాలు, ఆరేసిన చీరలు.
ఎత్తెంత అని అడిగింది.
ఆరువందల మీటర్ల పై చిలుకు, గర్వంగా చెప్పాను.
తన దేశంలో అన్నిటికన్నా లోతైన చోటు,
రెండు నదులు కలిసే దగ్గర,
పద్నాలుగు వందలట!
వాళ్ల పాతాళం కింద
మా గుట్ట మీద గుట్ట నిలబెట్టినా
తల తగలదు.

ఆ రాత్రి అన్నాల బల్ల మీద
ట్రేసింగ్ కాగితం పరిచి, చెప్పు, అన్నాను.
కళ్లు మూసుకుని చెప్పింది.
పడమట ఇసుకరాతి గట్లు, జొన్నచేలు.
జొన్నలేనా? జొన్నలే.
తూర్పుకు పోయేకొద్దీ నల్లరాతి మడతలు,
మన వికారాబాద్ అవతల తగిలే రాయిలాంటిదే.
చెట్లు తక్కువ, గాలి ఎక్కువ.
మాకు నారు పోసే నెలల్లో వాళ్లకు మంచు.
గొర్రెలవెంట పిల్లలు
భుజం దగ్గర పిన్ను పెట్టిన దుప్పట్లలో.
గొంగడి, అన్నాను.
గొం, గ, డి, అని మూడు ముద్దలుగా మింగింది.
నా గీతలు దగ్గరై, ఇంకా దగ్గరై
కాగితం బొటనవేలి ముద్రలా అయింది.

ఇక్కడ నీలం పెట్టండి ఆంటీ, అంది.
ఎంత?
చాలా.
లోయకు అడ్డంగా కట్ట కట్టారు. అవ్వ చేను దాని కింద.
కొండలకు సొరంగం తొలిచి
ఆ నీళ్లు పక్కదేశపు నగరానికి అమ్ముతారు.
కట్ట పక్కనే ఉన్న మా ఊరివాళ్లు
బకెట్లు పట్టుకుని ఊట దగ్గరికి నడుస్తారు.

నేను మాట్లాడలేదు.

గురువారం ట్యాంకరొచ్చింది.
సంపులోకి పైపు వదిలి
డ్రైవరు సత్తెమల్లు బీడీ ముట్టించుకున్నాడు.
ఏ నదివి ఇవి, అని మేడమీంచి అడిగింది పులానె.
కృష్ణో, మంజీరో, ఎవరి బోరో,
నాకేమెరుక బిడ్డా, అన్నాడు.
నాకు ఎరుకే.
ఉద్యోగంలో చేరిన రెండో ఏడు
ఒక షీటు మీద ముంపు అని రాసి నా ముందు పెట్టారు.
బ్లేడుతో ఆరు ఊళ్ల పేర్లు గీకాను,
కాగితం చిరగకుండా,
చెయ్యి వణక్కుండా.
మెచ్చుకున్నారు కూడా.
రెండు పేర్లే గుర్తున్నాయిప్పుడు.

సంపు నిండి పొంగుతుంటే పట్టించుకోలేదు.
పైకెళ్లి తలుపు తట్టాను.
మీ అవ్వ చేనుకు పేరుందా?
ఉంది. రెండుసార్లు పలికింది.
తెలుగులో రాశాను, ఒత్తు సరిగా పడిందో లేదో.
నీలం మీద గోధుమరంగు వాడకూడదు, అది రూలు.
వాడాను.