వంద కాపీలు, రెండు పక్కలా

సంతపేటలో నాది జిరాక్సు అంగడి.
ఆధార్ కార్డులు, పట్టా పుస్తకాలు,
కుదరక తిరిగొచ్చిన జాతకాలు
అన్నీ నా గాజు మీద బోర్లా పడుకుని లేచిపోతాయి.
నేను ఏదీ చదవను.

'కరెంటు కోత' వాళ్ళ కాగితాలు మాత్రం చదువుతాను.

తొమ్మిదేండ్ల కింద ముగ్గురూ కలిసొచ్చినారు.
దొరసామి, ఢిల్లీబాబు, డ్రమ్ములు కొట్టే ఫర్హానా.
సీజనైపోయినాక మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గోడౌన్లో వాయించేవాళ్ళు.
గోడలకు ఇంగా తోతాపురి పులుపు.
నలభై మందిమి, ఒక ఫ్యాను.
దొరసామి అరిస్తే ఒక్క మాట తెలిసేది కాదు.
కోసేటప్పుడు మేక అరిచేది
తెలుగో అరవమో ఎవరడిగినారు?

నా దగ్గర కాగితముండాది కదా.
నలభై మందిలో నాకొక్కడికే తెలుసు
వాడు అరిచింది "నాయనా, తలుపు తియ్" అని.
పదకొండుసార్లా పన్నెండా, టైపు కొడతా లెక్క తప్పి అడిగితే
"ఎన్ని పడితే అన్ని ఉంచన్నా" అన్నాడు.

తర్వాత ఏమీ లేదు.
ఫర్హానా మదనపల్లెలో లెక్కల టీచరు.
ఢిల్లీబాబు గ్రానైటు పాలిషింగు,
రెండు వేళ్ళకు స్పర్శ తెలీదంట.
దొరసామి తెల్లారుజామున పాలవ్యాను.
పలమనేరు నుంచి ఒక పిల్లోడొచ్చి
ఆ పాత పాటల కాగితం కావాలన్నాడు.
జిరాక్సుకి జిరాక్సు, దానికి జిరాక్సు.
అక్షరాలు చీమలైపోయినాయి.
అయినా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొన్న జూన్లో,
బంగారుపాళెం దాకా మామిడి ట్రాక్టర్లు ఆగిపోయి
ఫ్యాక్టరీ గేట్లు తెరవని సాయంత్రం,
వాటి సందుల్లోంచి నడుచుకుంటా వచ్చినాడు దొరసామి.
చేతిలో నోటుబుక్కు పేజీలు నాలుగు,
ఒకదాని అంచున కొడుకు గీసిన కోడి.
"కొత్తదన్నా. వంద. రెండు పక్కలా."

చదివినాను.
ఆఖరి పాటలో రెండే లైన్లు:
ఉండు నాయనా, వస్తా ఉండా.
చీకట్లో గొళ్ళెం చేతికి తగల్లేదు.

మన మాటలో తండ్రీ నాయనే, బిడ్డా నాయనే.
ఎవరు లోపల, ఎవరు బయట
అని అడగబోయి
పేపరు ట్రే సర్దుకున్నాను.

ఇయర్‌ఫోను ఒకటి నాకు, ఒకటి వాడికి.
అరుపు లేదు.
ఆస్పత్రి వార్డులో పక్క మంచానికి వినపడకుండా మాట్లాడే గొంతు.
ఫర్హానా దెబ్బ నిదానంగా పడతాంది,
ఇదే ఇల్లేనా అని అనుమానంగా తట్టినట్టు.
గిటారు ఒక చోట తప్పింది. తప్పును అట్టే ఉంచేసినారు.
చివర్లో ఏదో గుర్ర్, చక్, గుర్ర్.
అది నా పాత మిషను.
రెండో ట్రే ఇరుక్కునే చప్పుడు.
కరోనా ఏడాది తూకానికి అమ్మేసినాను దాన్ని.
వీడెప్పుడు ఎత్తుకుపోయినాడో ఆ శబ్దాన్ని!
నేను వాడి మొకం చూడలేదు.
వాడు రోడ్డు మీద ట్రాక్టర్లను చూస్తా నిలబడినాడు.

పలమనేరు పిల్లోడు రేపొచ్చి
"అరుపేదన్నా?" అంటాడు. అననీ.
కాగితమిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, చదువుకో అంటాను.

తొంభైతొమ్మిది బాగానే వచ్చినాయి.
ఒకదాంట్లో మాత్రం టోనరు పారి
కోడి కాళ్ళు "వస్తా ఉండా" మీదికి నడిచినాయి.

వేలు తడి చేసుకుని లెక్కబెట్టినాడు.
"ఒకటి తక్కువుందన్నా."
"దానికి డబ్బులు తీసుకోలేదులే.
గమ్మున పో, వానొస్తాది."