మూడైతే ఫోను చెయ్యి

పత్తికొండ ట్రైనింగులో చెప్పినారు:
ఒకటి సస్తే పిల్లి అనుకో,
రెండు సస్తే ఏదో రోగమనుకో,
మూడైతే ఫోను చెయ్యి.
నోటుబుక్కులో కింద గీత గీసి రాసుకున్నా.

బజారమ్మత్త దొడ్లో నాలుగు.
జుట్లు నీలమై, కాళ్ళు కమిలి,
గంప కింద మెడలు వాల్చేసినాయి.
దిబ్బలో పూడ్చి, పైన పేడ కప్పి
"ఏం లేదు మాబున్నీ, ఎండకే" అనింది.
మాగిచలిలో ఎండ యాడిదత్తా అని అడగలే.
ఆమె చేతులకు ఇంకా ఈకలంటుకోని ఉండాయి.
ముందు సబ్బిచ్చినా.

నా కాన్పుకు మూడు నాటుకోళ్ళు కోసి పెట్టిన మనిషి.
పొయ్యిలో కట్టె ఆరిపోయిందాకా
ఫోను ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నా.
మా ఊర్లో సిగ్నలు నీళ్ళట్యాంకి మీదే.
ఎక్కినా.
"డాక్టరమ్మా, నాలుగు."
"ఎవరింట్లో?"
ఒక్క పేరు చెప్పడానికి
అంత ఊపిరి ఎందుకు కావల్సొచ్చిందో.

మూడోనాడు తెల్లగుడ్డల మనుషులు దిగినారు,
మొగాలు లేవు, కళ్ళద్దాలే.
కోళ్ళన్నీ కొట్టాల మీదికి ఎగిరినాయి.
ఎవరి కోడి మాపటికి ఏ కొమ్మ పడుతుందో
నాకు తప్ప ఎవరికి తెలుసు?
నేనే పట్టిచ్చినా.
సుంకులమ్మకు మొక్కి
కాలికి ఎర్రదారం కట్టిన పుంజును గూడా.
"ఆ దారమన్నా ఇప్పియ్యే" అనింది అత్త.
ముట్టుకోగూడదత్తా, అన్నా.

ఆశా వర్కరు ఇమాంబీ పదిరోజులు
ఇంటింటికీ జరం చూసిపోయింది.
పరిహారం కాగితం మీదికొచ్చింది, చేతికి రాలే.
బోరింగు కాడ నా బిందెను కాలితో జరిపినారు.
కోడి కూయక ఊరు పొద్దెక్కి లేస్తాంది,
బస్సు తప్పిపోయినోళ్ళు
అదీ నా మీదే ఏసినారు.

మొన్న మాపటేళ
వంక కాన్నుంచి ఉరుక్కుంటా వచ్చినాడు
బజారమ్మత్త మనవడు.
"కాకి సచ్చింది, పెద్దమ్మా.
ముట్టుకోలే.
చుట్టూ రాళ్ళు పెట్టొచ్చినా,
కుక్క రాకుండా చెల్లెల్ని నిలబెట్టినా.
మా అవ్వే నీకు చెప్పమనింది."

అయినా వాని చేతులు కడిగిచ్చినా,
గోళ్ళ సందుల్లో గూడా.
ట్యాంకి మెట్లెక్కతాంటే
వాడు కింద నిలబడి
ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కబెడతాన్నాడు.