ఊకల గిన్నె

ఎండకాలం సెలవులల్ల మా రిత్విక
పొయ్యి ముట్టియ్యని మిఠాయి చేస్తనన్నది.
హాలియాల మే నెల.
డాబా మీద ఆరేసిన బట్టలు అప్పడాలయితున్నయి.
పొయ్యెందుకు బిడ్డా, గిన్నె గోడ మీద పెట్టు, అన్న.

కళమ్మ మాత్రం ఊకోలే.
పచ్చి పిండి తింటే కడుపుల కొడతదని
సున్నుండలకు మినుములు వేయించినట్టు
మైదపిండి కమ్మటి వాసనొచ్చేదాంక
ఇనుప పెంక మీద తనే వేయించిచ్చింది,
గరిటె బిడ్డ చేతికియ్యలే.

వెన్నపూస, పొడి జేసిన చక్కెర, చిటికెడు ఉప్పు,
చిన్న సీసలకెల్లి వెనీలా రెండు చుక్కలు.
మూడో చుక్క తన మణికట్టు మీదేసుకొని
పొద్దుమూకేదాంక వాసన చూసుకున్నది.
ఐదు రూపాయల చాక్లెట్లు పన్నెండు తెస్తే
గిన్నెలకొచ్చినయి పదకొండు.
ఎవ్వరం అడగలే.

ఉండలు చేసింది,
కొన్ని గోళీలంత, కొన్ని పిందె బత్తాయంత.
ఎండల పెట్టిన చాక్లెట్ పావుగంటకు జారయ్యింది.
ఒక్కొక్కటే ముంచి తీస్తుంటే
బురదల పొర్లి లేచిన బర్రెదూడల్లెక్క
నిగనిగలాడినయి.

ఇగ ఫ్రిజ్‌ల పెట్టాలె నాయిన, అన్నది.
ఫోన్ చూసింది,
నన్ను చూసింది,
మళ్ళ ఫోన్ చూసింది.

నేను రాత్రిపూట పోయేది ఐస్ ఫ్యాక్టరీకి.
ఉప్పునీళ్ళ తొట్లెకు డబ్బాలు దించుడు, ఎత్తుడు,
తెల్లారుజామున సాగర్ నుంచొచ్చే ఆటోలల్ల
రవ్వల మీద, బొచ్చెల మీద పోసెతందుకు
దిమ్మెలు పలగ్గొట్టుడు.
పదమూడేండ్లయింది,
నా వేళ్ళ కొనలకు చల్లదనం తెలుస్తలేదు.

స్టీలు గిన్నెల ఇరవై రెండు.
మూత మీద స్కెచ్‌పెన్నుతోని 'కదపొద్దు' అని రాసింది.
ఆ నాలుగు కిలోమీటర్లు
బాలింతను దవఖానకెల్లి ఇంటికి తెస్తున్నట్టు
బండి తోలిన.

వడ్ల మిల్లు ఊకల
రెండు దిమ్మెల నడుమ సందు జేసి దాస్తుంటే
ఆటో జానీమియా చూసి, ఏందిర, బంగారమా? అన్నడు.
మా బిడ్డ లడ్డూలు, అన్న.
అసలు పేరు నాకు నోరు తిరగలే.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
మిషిన్ ఆగితే
ఫ్యాక్టరీ అంత నీళ్ళు కారే చప్పుడొక్కటే.
సేటు ఫోన్ మీద ఫోన్,
జనరేటర్ల డీజిలున్నదా, దిమ్మెల మీద గోనెలు కప్పిన్రా?
కప్పినం సేటూ, అనుకుంట నేను
ఊకల మోచేతిదాంక చెయ్యి పెట్టి దేవులాడుతున్న.
దొరికింది.
చల్లగున్నదో లేదో వేళ్ళు చెప్తలేవు.
తీసి చెంపకానిచ్చుకున్న.
చెంపకు తెలిసింది.

పొద్దుగాల ఇంటికొచ్చినవి పందొమ్మిది.
మూడింటి లెక్క చెప్తా.
జానీమియా ఒకటి కొరికి,
లోపల ఉడకలేదుర, పచ్చిగున్నది, అని
ఇంకోటి అడిగిండు.
మూడోది జనరేటర్ తిప్పిన పిల్లగాడు లింగస్వామికి.
వాడు తినలే, కాయితంల చుట్టుకొని జేబులేసుకున్నడు,
ఎండల యాడిదాంక పోయిందో మరి.

రిత్విక మూత తీసింది.
చాక్లెట్ మీద తెల్లగ మంచు.
కొరికితే టప్పుమన్నది.
కండ్లు మూసుకొని శానసేపు నమిలింది.
నాయిన, కొద్దిగ చాపల వాసనొస్తుంది, అన్నది.
కళమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.

నేనొకటి తిన్న.
పైన పెళుసు, లోపల వేయించిన పిండి,
ఉప్పు నాలుక చివరికి అందీ అందనట్టు.
నాకయితే చాపల వాసన రాలే.
నాకెప్పుడూ రాదు.

పెద్దమ్మ వాళ్ళింటికి ఆరు, పక్కింటి పిల్లలకు నాలుగు, అని
తను లెక్కలేసుకుంటుంటే
నేను అంగి మార్చుకుందామని
లేచిన.