సగం ట్యాంకు

నిండుకుండ తొణకదంటారు.
నిజమే. పొద్దున్నే బావి దగ్గర
మూత దాకా నింపుకుని బయల్దేరితే
పదిహేను వందల కిలోల నీళ్ళూ
నా వెనక బండరాయిలా కూర్చుంటాయి.
మొదటి మందకి సగం దింపాకే
అసలు సంగతి మొదలు.

మంగళవారం, హారిసన్ కనుమ, మూడో మలుపు.
ఎడమకి తిప్పాను. ట్రక్కు తిరిగింది.
నీళ్ళు తిరగలేదు.
కుడిగోడని ఒక్క గుద్దు గుద్ది
బండి మొత్తాన్ని లోయ వైపు వంచాయి.
కిటికీ నిండా సేజ్ పొదలు, వాటి కింద
ఏమీ లేదు.
జూరి సీటంతా జారి తలుపుకి అతుక్కుంది.
కుక్క మొహంలో అంత నింద నేనెప్పుడూ చూళ్ళేదు.

"నెమ్మదిగా నడపరాదూ," అన్నాడు బెన్యాత్ చిన్నాన్న
గొర్రెపాల చీజ్ పలచగా కోస్తూ.
ఆయన గాడిదల మీద నీళ్ళు మోసిన కాలం మనిషి.
గాడిదకి ఎవరూ కడ్డీ బిగించలేదట.
గాడిదకి బుర్ర ఉంది చిన్నాన్నా,
దీనికున్నవి కమాన్ కట్టలే.

ఎల్కోలో డెల్విన్ షెడ్డు.
నూనె మరకల బల్ల మీద మూడు కడ్డీలు,
మూడింటిదీ ఒకటే వంపు,
తలుపు గొళ్ళేన్ని ఎవరో పెద్దది చేసినట్టు.
డెల్విన్ తీగముక్క వంచి చూపించాడు:
రెండు చక్రాలూ కలిసి గుంటలో దిగితే
ఇది ఊరికే ఊగుతుంది, అంతే.
ఒకటి దిగి ఒకటి లేచినప్పుడే దీనికి పని.
మెలిపడుతుంది. లేచినదాని కాలు పట్టుకుంటుంది.

నా చెయ్యి లావుపాటి ఎర్రదాని మీదకే పోయింది,
ఒకటిన్నర అంగుళం, పెళ్ళికొడుకులా మెరుస్తోంది.
"సన్నదానికీ దీనికీ తేడా అర అంగుళం కూడా లేదు,
మొండితనం మాత్రం మూడింతలు," అన్నాడు.
"జనవరిలో, మంచు మీద, ఖాళీ ట్యాంకుతో వస్తుంటే
బండి తోక నీకన్నా ముందు ఇల్లు చేరతానంటుంది.
గాడిబాటలో ఒక చక్రం గాల్లో నిలబడుతుంది.
అప్పుడు నన్ను తిట్టకు."

తిడతాను, నాకు తెలుసు.
సన్నది చవక. సన్నది నాకు వద్దు,
ఆ మలుపులో చూసిన సేజ్ పొదలు ఇంకా కళ్ళలోనే ఉన్నాయి.

మిగిలింది నల్లది. ఒకటింపావు అంగుళం,
అందం లేదు. చేతుల చివర మూడేసి రంధ్రాలు,
బయటిది మెత్తన, లోపలిది గట్టి.
డెల్విన్ బండి కిందికి దూరి ఇరుసు కొలిచాడు,
పొగగొట్టానికి తగలదు కదా అని రెండుసార్లు చూశాడు,
రబ్బరు బుష్షులు వద్దన్నాడు, పసుపువి ఇచ్చాడు.
గ్రీజు మరిస్తే పిల్లిలా మూలుగుతాయట.
ధర రెండు గొర్రెపిల్లలు, మూడోదాని చెవి.

రాత్రి పదకొండింటికి నేనే బిగించాను.
చివరి బోల్టులు మాత్రం జాకీ దించాక,
బండి బరువు చక్రాల మీదకి వచ్చాక.
చిన్నాన్న టార్చి పట్టుకున్నాడు,
సగంసేపు నా కళ్ళలోకి.

గురువారం. అదే కనుమ, అదే సగం ట్యాంకు.
బయటి రంధ్రం, ముందు మెత్తగానే చూద్దామని.
ఎడమకి తిప్పాను. నీళ్ళు అలాగే గుద్దాయి,
కడ్డీ నీళ్ళకేమీ నేర్పదు.
ట్రక్కు వంగింది, కొంచెం,
ఎవరో పిలిచారనుకుని లేవబోయి
కాదని మళ్ళీ కూర్చున్నవాడిలా.

జూరి మాత్రం మలుపుకి ముందే గోళ్ళు దించి
ఒళ్ళంతా ఎడమకి బిగబట్టింది.
రావలసిన వంపు రాలేదు.
దభాలున నా ఒళ్ళో పడి
తలెత్తి చూసింది,
మంగళవారం నాటి చూపే.