ఇరవై రెండో పేజీ

సోఫా నిన్ననే వెళ్లిపోయింది
ట్రాలీ ఆటోలో, అరండల్‌పేట వంతెన మీదుగా,
ఆసుపత్రికి తీసుకెళ్తున్న పెద్దమనిషిలా వెల్లకిలా పడుకుని.
"నాటకంలో వాళ్లదీ ఇలాంటి ఇల్లే కదా,
అద్దెకి తేవడం దండగ" అన్నాడు శౌరి.
అది ఉన్నచోట నేల మీద
నలుచదరంగా పదకొండేళ్ల కిందటి రంగు.
ఒక రూపాయి బిళ్ల, ఒక దిద్దు శీల,
నువ్వు పారేశావంటే నువ్వని
ఒకప్పుడు నాలుగు రోజులు మాటలు మానేసిన
తాళంచెవి.

కొత్త నాటకం. రాసింది శౌరి.
బ్రాడీపేటలో ట్యుటోరియల్ మేడ మీద
నెలన్నర రిహార్సళ్లు.
బోర్డు మీద ఎవరూ చెరపని త్రికోణమితి,
దాని ముందు మస్తాను, తెనాలి నుంచి రైల్లో వచ్చే కుసుమ
రోజూ ప్రేమించుకునేవాళ్లు
టీ వచ్చేదాకా.
నాకిచ్చిన పని ప్రాంప్టింగు.
ఎవరికి మాట తడబడితే వాళ్లకి
నా గొంతు బయటికి వినపడకుండా
మాట అందించడం.
ఇంట్లో చేసేదే.

మొదటి రంగంలో శంకర్ విలాస్ సెంటర్,
ఒక్క పొట్లం బజ్జీలు, ఇద్దరు.
కారానికి ఆమె కళ్లలో నీళ్లొస్తే
అతను చొక్కా చేత్తో తుడుస్తాడు.
అది నిజమే. కాకపోతే ఆ చొక్కా నీలం.
నాటకంలో తెల్లది చేశాడు.

రెండో రంగంలో ఆమె అంటుంది:
"నువ్వు తలుపు తీసే చప్పుడు మారిపోయింది."
ఆ మాట నాది.
మొన్న శ్రావణంలో పప్పు తిరగమోత వేస్తూ
అటు తిరిగి అన్నాను.
విన్నాడన్నమాట.
జవాబు చెప్పలేదు గానీ
రాసుకున్నాడన్నమాట.

ఇవాళ మొదటి ప్రదర్శన.
ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను కిర్రు,
యార్డు వైపు గాలికి ఎవరిదో ఆగని దగ్గు.
పక్క తెర చాటున నేను,
ఒళ్లో ప్రతి, చేతిలో చిన్న టార్చి.
మా సోఫా మీద కుసుమ కూర్చుంది.
ఎడమవైపు స్ప్రింగు గుచ్చుకుంటుందని చెప్పడం మర్చిపోయాను.
ఆమె కాస్త ఇబ్బందిగా సర్దుకుంది.
ఎంత సహజంగా చేస్తోందో అన్నారెవరో.

మూడో రంగం. ఇరవై రెండో పేజీ.
ఆమె పెట్టెతో గుమ్మం దగ్గర ఆగుతుంది.
అతను అనాలి: "ఉండు. మాట్లాడుకుందాం."
మస్తాను నోరు తెరిచాడు.
మాట రాలేదు.
నా వైపు చూశాడు, కళ్లతో చెయ్యి చాపినట్టు.

టార్చి వెలుగులో ఆ వాక్యం ఉంది
శౌరి చేతిరాతలో,
డు కొమ్ము ఎప్పట్లాగే బారుగా.
నా నాలిక చివరిదాకా వచ్చింది.
పదకొండేళ్లలో ఒక్కసారీ నేను వినని మాట
ఇప్పుడు నేనే ఇంకొకరి నోటికి అందించాలా?
ఏడు దాకా లెక్కపెట్టాను.
హాల్లో ఆ దగ్గు కూడా ఆగింది.
కుసుమ మంచి నటి. అర్థం చేసుకుంది.
గడియ తీసి వెళ్లిపోయింది.

ఎంత చప్పట్లు!
వేమూరి మాస్టారు పంచె ఎగ్గట్టి పరుగున వచ్చి
"ఆ మౌనం ఉంది చూశారూ,
రేపు బెజవాడలోనూ అదే ఉంచేద్దాం,
ఆ లైను కొట్టేయండి" అన్నారు.
ఎర్ర పెన్ను శౌరి జేబులోనే ఉంది.
తీసి
నాకిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పన్నెండు.
కూర్చోవడానికి ఏమీ లేక
ఆ నలుచదరం మీదే కూర్చున్నాం, చెరో అంచున.
"మాట ఎందుకు అందించలేదు?"
"నీకు కంఠతా వచ్చు కదా.
అవతలి తెర చాటున నువ్వూ నిలబడే ఉన్నావు."

ఫ్యాను తిరుగుతోంది.
సోఫా ఎప్పుడొస్తుందని అడిగాను.
ఆదివారం అన్నాడు.
తాళంచెవి ఇద్దరి మధ్యా నేల మీదే ఉంది.
ఏ తాళానిదో
ఇద్దరికీ గుర్తు లేదు.