ఎడం పక్క ఎనక చక్రం

పామిడి దాటి గుత్తి తట్టు పోతాంటే
ఎడం పక్క ఎనక చక్రం
ఉస్సుమనింది.
మధ్యాన్నం రెండు గంటలు.
చెనిక్కాయ పీకేసిన చేలు.
నిలబడేకి తుమ్మచెట్టు నీడ కూడా చిక్కల్యా.

సరే, మనకేం కొత్త?
ఈ మారుతీని కొన్న పద్దెనిమిదేండ్లలో
షెడ్డు గడప తొక్కించింది రెండే సార్లు.
ఆయిలు నేనే దింపుతా, ఇంటెనక, ఓటి గంగాళం పెట్టి.
ప్లగ్గుల మసి నేనే గీకుతా, ఉప్పుకాగితంతో.
ఒకసారి యాడికి కాడ ఫ్యాను బెల్టు తెగితే
పిండిమర పాత పట్టా కోసి, కుట్టి, ఇల్లు చేర్చినా.
వైపరు రబ్బర్లు మాత్రం కొన్ననాటివే.
మా అనంతపురంలో వాటికి పనెన్ని దినాలు?

నా బండిని ఇంకొకడు ముట్టుకుంటే నాకు సరిపడదు.
పొగరంటారు. అననీ.
"నా పొట్ట మీద కొట్టేకే పుట్టినావు సామీ"
అంటాడు మెకానిక్కు రసూలు,
అని టీ తాపిస్తాడు.

ముందు చక్రానికి నాపరాయి ముక్క అడ్డం పెట్టినా.
జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాల,
అది తెలీనోడు గాల్లో చక్రం తిప్పుతా కూచుంటాడు.
ఒకటి వదిలింది.
రెండు.
మూడోది కిర్రుమని ఏడ్చి వదిలింది.
నాలుగోది
ఊహూఁ.

పానా మీదెక్కి నిలబడినా.
ఎగిరి తొక్కినా.
చెప్పు తెగింది గానీ నట్టు కదల్లా.

అప్పుడు గుర్తొచ్చింది.
నిరుడు ఉగాది ముందర, పిండిమర పంచుకున్న దినం.
రాళ్ళు నాకు, మోటారు నీకు అన్యాడు
నా తమ్ముడు నెట్టికంటయ్య.
రాళ్ళు లేని మోటారు ఏం విసురుతాదిరా, గాలా?
మాట మాట పెరిగింది.
చివరి మాట వాడిదే, నేను ఇక్కడ రాయను.
ఆ సాయంత్రం ఇంటికొచ్చి
ముందు టైర్లు ఎనక్కి, ఎనకవి ముందుకి మార్చినా.
మూడు నట్లకి మామూలు బిగువు.
నాలుగోదాని కాడికి వచ్చేసరికి
ఆ మాట మళ్ళా చెవిలో పడింది.

సిమెంటు లారీలు దుమ్ము పోసి పోతాండాయి.
ఒకాయన పెద్ద కారు ఆపినాడు.
"షోరూముకి ఫోను కొట్టు, వాళ్ళే వచ్చి ఎత్తకపోతారు"
చల్లని గాలి కొంచెం నా మీదికి వదిలి
అద్దం ఎత్తుకోని పోయినాడు.

తర్వాత ఒక మోటరుసైకిలు.
తిరిగి చూడకముందే తెలిసింది ఎవరిదో.
సైలెన్సరు బొక్క పూడ్పించుకోరా అని
పదిసార్లు చెప్పింటి, మాట్లాడుకునే కాలంలో.

దూరంగా ఆపినాడు.
దిగినాడు, నన్ను చూడల్యా, నట్టును చూసినాడు.
బండికి కట్టుకున్న బోరు పైపు ముక్క ఇప్పి
పానా తోకకి తొడిగినాడు.
చివర వాడు పట్టుకున్యాడు.
మధ్యలో నాకు ఇంత జాగా వదిలినాడు.
"ఊఁ" అన్యాడు.
ఏడాదిన్నర పైన మొదటి మాట,
దాన్ని మాటంటే.

టక్కుమనింది.

డిక్కీ తెరిచి స్టెప్నీ వాడే తీసినాడు.
బొటనవేలితో నొక్కినాడు.
అన్నీ నేనే చూసుకుంటానంటి కదా.
దాంట్లో గాలి ల్యా.

వాడు నగల్యా.
గుత్తి కోట తట్టు తిరిగి మీసం తుడుచుకున్యాడు.
భుజాలు మాత్రం ఎగిరెగిరి పడినాయి.

కారు జాకీ మీద ఒంటరిగా,
నట్లు నాలుగూ నా చొక్కా జేబులో,
గుంత వచ్చినప్పుడల్లా గలగల.
వాడి వీపుకీ నా రొమ్ముకీ మధ్య టైరు.
వాడి తెల్ల చొక్కా మీద నల్లగా సగం సున్నా పడింది.
చెప్పాలనుకున్యా. చెప్పల్యా.

ఇప్పుడు గుత్తి ఆరెస్సు కాడ ఉండాం.
పంచరు పిల్లోడు ట్యూబుకి గాలి కొట్టి
తొట్టి నీళ్ళలో ముంచి తిప్పుతాండాడు.
ఇద్దరం వంగి చూస్తాండాం
బుడగ యాడ లేస్తాదో అని.