వెదురుకర్ర దాకా

నా అసలు పేరు సావలక్.
ఇంట్లో కుంగ్ అంటారు, అంటే రొయ్య.
ప్రాణ్‌బురి తీరాన ఈ రిసార్టుకొచ్చే పెళ్లిళ్లన్నీ
ఈ రొయ్య మీసాల మీదుగానే నడుస్తాయి.

ఈసారి మూడు రోజులు, నూట నలభై గదులు.
అమ్మాయి వాళ్లు హాంకాంగ్ సింధీలు, అబ్బాయి వాళ్లు లేగోస్ నించి.
పెళ్లికూతురి పిన్ని మోనా వాస్వానీ
ఎనిమిది నెలలుగా నా ఫోనులోనే కాపురముంటోంది.
పసుపు వేడుకకి తెల్ల తువ్వాళ్లు వద్దమ్మా, నల్లవి ఇస్తానన్నాను.
శుభమా అని పెళ్లి చేస్తుంటే నలుపేమిటి, అంది.
మరకపడ్డ తువ్వాలు ఒక్కోటీ మూడొందల యాభై బాత్,
ఒప్పందంలో పదిహేడో పేజీ.
సంతకం పెట్టింది, చదవలేదు.

ఏనుగు వద్దన్నాను. గుర్రానికి అలలంటే బెదురు.
పెళ్లికొడుకు టుక్‌టుక్‌లో వస్తాడు, బంతిపూల ముసుగులో.
చేపసాసు వాసన తగలని వంటకి
మా వంటాయన కొత్త కడాయిలు కొని
రాత్రిళ్లు తాళం వేసి పడుకుంటున్నాడు.

బల్ల మీద మిగిలినవి రెండు కాగితాలు.
ఒకటి బ్యాంకాక్ పంతులుగారిది:
సాయంత్రం ఐదూ నలభై ఎనిమిది, అటూ ఇటూ జరగదు.
ఇంకోటి ఆటుపోట్ల పట్టిక:
ఆరూ ఐదుకి నిండు పోటు.
మండపానికి ముగ్గు గీసిన చోట అప్పటికి
మోకాటి లోతు నీళ్లు.

ముహూర్తం జరపమన్నాను.
ఫోనులో నవ్వారు పంతులుగారు:
సముద్రాన్ని జరుపు తల్లీ.
పోనీ పచ్చిక మీద చేద్దామన్నాను మోనాతో.
పచ్చిక మా కౌలూన్‌లోనూ ఉంది, అంది.

అప్పుడు పిలిచాను లుంగ్ సానిత్‌ని.
ముప్పై ఏళ్లు స్క్విడ్ పడవ నడిపిన మనిషి,
ఇప్పుడు తెల్లారకముందే ఇసక దువ్వి
అతిథుల అడుగులు చెరిపి జీతం తీసుకుంటాడు.
పట్టిక చూపిస్తే చూడలేదు.
పెళ్లినాటికి చంద్రుడు ఎంతుంటాడని అడిగాడు.
గాలికి చెవి ఒగ్గాడు.
ఒక వెదురుకర్ర తెచ్చి పాతాడు.
ఇక్కడి దాకా, అన్నాడు. అంతే.

మండపం పదకొండు అడుగులు వెనక్కి జరిగింది.
పదకొండు అడుగులకీ కొత్త దీపాల తీగలు,
చక్రాల కుర్చీలో వచ్చే పార్పతి నానమ్మకి
ఇసక మీద చెక్కబాట,
మోనాకి రెండు తలనొప్పి మాత్రలు.

ఆ సాయంత్రం అన్నీ వేళకొచ్చాయి, టుక్‌టుక్ తప్ప.
ఇసకలో కూరుకుపోతే లేగోస్ మేనమామలు తోసుకొచ్చారు,
ఇంజను కన్నా గట్టిగా మోగుతూ.
ఐదూ నలభై ఎనిమిదికి అగ్ని రాజుకుంది.
నాకు పెళ్లి కనబడలేదు. కర్రనే చూస్తున్నాను.
నురగ దాని మొదలు నాకింది.
ఆగింది.
ఊపిరి వదిలాను.

అప్పుడొచ్చింది ఇంకో అల.
కర్ర దాటి, చెక్కబాట సందుల్లోంచి,
పంతులుగారి చాప అంచు తడిపి,
నానమ్మ పాదాల మీద పరుచుకుంది.
అందరూ దిగ్గున లేచారు.
ఆవిడ లేవలేదు.
లేవలేదు కూడా.
వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి
సింధీలో ఏదో అంది, పెళ్లికూతురు పకపకా నవ్వింది.
ఏమందని మోనాని అడిగాను.
మా నీళ్ల దేవుడట, చూసిపోడానికొచ్చాడట.
చేతిలో ఉన్న అతిథుల పట్టిక తిరగేశాను,
అలవాటు కొద్దీ.
రెండువందల డెబ్భై ఆరు పేర్లు.

తువ్వాళ్లు అరవై రెండు తేలాయి.
మోనా మారుమాట లేకుండా కట్టింది.
మర్నాడు పొద్దున్నే లుంగ్ సానిత్‌ని నిలదీశాను.
కర్ర సరిగ్గానే ఉంది, అన్నాడు,
అలే కాస్త ఎక్కువొచ్చింది.
నేనటు తిరిగాక పీకి
ఒక జానెడు వెనకగా పాతాడు.

వచ్చే శుక్రవారం నైరోబీ వాళ్లు.
ముహూర్తం తెల్లవారుజామున, నిండు పాటు వేళ,
నీళ్లు అరమైలు దూరంలో ఉంటాయి.
నానా చెప్పి చూశాను.
వాళ్లకి సముద్రం
దగ్గరగా కావాలట.